ఖాళీ కూడా అక్షరమే

నిరుడు విత్తనాల జాబితాలో మా నాన్న పేరు దొరకలేదన్నారు. తీరా చూస్తే ఉంది! ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఎవరో రెండు ఖాళీలు కొట్టారు. రెండుసార్లు బస్సు ఛార్జీ దండగ. మనకు ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. కంప్యూటరుకు మాత్రం అది 32వ నంబరు అక్షరం, ఇంగ్లీషు పెద్దబడి ‘ఏ’ 65 అయినట్టే. ఒకటి ఎక్కువైతే మనిషే వేరు.

పైథాన్‌లో ‘స్ట్రిప్’ అంటే గట్లు చెక్కడం లాంటిది: అంచుల ఖాళీలే పోతాయి, చేను మధ్య కలుపు అలాగే ఉంటుంది. దానికి ‘స్ప్లిట్’తో మాటలు విడగొట్టి, ‘జాయిన్’తో ఒక్కో ఖాళీ పెట్టి కలపాలి. స్ప్లిట్ బ్రాకెట్లలో ఏమీ రాయకండి. అక్కడ ఖాళీ గుర్తు రాశారో, రెండు ఖాళీలున్న చోటల్లా ఒక ఉత్త మాట పుట్టుకొస్తుంది. ల్యాబులో నాకు ఒక పూట అక్కడే పోయింది. వచ్చిన ఫలితాన్ని మళ్లీ పేరు పెట్టి దాచుకోవాలి సుమా, పాత స్ట్రింగు తనంతట మారదు.