ఆసుపత్రికి అయిదు నక్షత్రాలు

ఊరికి క్రొత్తగా వచ్చిన డాక్టరు హస్తవాసి ఎటువంటిదో పూర్వము రచ్చబండ దగ్గర తెలిసేది. ఇప్పుడు చేతిఫోనులో తెలుస్తున్నది. చికిత్స పొందినవారు ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రాలు ఇస్తారు. వాటి సగటు ఆసుపత్రి పేరు ప్రక్కన కనిపిస్తుంది. 4.6 ఉన్నది 3.9 ఉన్నదానికంటె మంచి ఆసుపత్రి అని మనము వెంటనే అనుకొంటాము. ఇంతకూ ఆ అంకె దేనిని కొలుస్తున్నది?

వైద్యము నాణ్యతను మూడు వైపులనుండి చూడవలెనని అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యుడు 1966లో ఒక వ్యాసములో వివరించినారు. భవనాలు, పరికరాలు, సిబ్బంది మొదటిది. చికిత్స జరిగే తీరు రెండవది. రోగి కోలుకొనుట, కోలుకొనకపోవుట మూడవది. మొదటిది ఎవరి కంటికైనా కనిపిస్తుంది. రెండవదానిలో డాక్టరు ఓపికగా విన్నాడా, ఎంతసేపు కూర్చోబెట్టినారు అనేవి రోగికి తెలుస్తాయి. శస్త్రచికిత్స పరికరాలను సరిగా శుద్ధి చేసినారా, వ్రాసిన మందు నిజముగా అవసరమా అనేవి తెలిసే మార్గము అతనికి చాలవరకు లేదు. మూడవదానిలోనూ చిక్కు ఉన్నది. జలుబు సాధారణముగా మందు వాడినా, వాడకపోయినా తగ్గిపోతుంది. పేరు మాత్రము మందుకు వస్తుంది!

దీనికి చక్కని నిదర్శనము అమెరికాలో దొరికినది. అక్కడ రోగులు ఇంటినుండియే డాక్టరుతో ఫోనుద్వారా మాట్లాడి, ఆపైన నక్షత్రాలు ఇచ్చే పద్ధతి ఉన్నది. జలుబు, గొంతునొప్పి వంటి శ్వాసకోశ వ్యాధులకై 85 మంది డాక్టర్లతో జరిగిన 8,437 సంప్రదింపులను క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రకటించినారు. ఏ మందూ వ్రాయనప్పుడు నూటికి సుమారు 73 మంది రోగులు అయిదు నక్షత్రాలు ఇచ్చినారు. వేరే మందు వ్రాస్తే 86 మంది, యాంటీబయాటిక్ వ్రాస్తే 91 మంది ఇచ్చినారు.

ఇటువంటి వ్యాధులలో ఎక్కువ భాగము వైరస్‌ల వలన వచ్చేవి. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపగలదు గాని వైరస్‌ను ఏమీ చేయలేదు. అనవసరముగా వాడినకొద్దీ మందుకు లొంగని బాక్టీరియా మిగిలి, వృద్ధి చెందుతుంది. నక్షత్రాల కొరకే డాక్టర్లు మందు వ్రాసినారని ఈ లెక్క చెప్పదు. అయితే, “మందు అక్కరలేదు” అని నచ్చజెప్పటానికి పది నిమిషాలు పడితే, చీటీ వ్రాయటానికి అర నిమిషము చాలు. పైగా నక్షత్రాలు చీటీ వైపే మొగ్గుతున్నవి. “సూది అయినా వేయలేదు, ఇదేమి వైద్యము?” అనే మాట మన ఊళ్లలోనూ క్రొత్తది కాదు. రచ్చబండ మాట ఆ ఊరితో ఆగిపోయేది. ఫోనులోని అంకె ఊరు తెలియనివారికి కూడా చేరుతుంది.

ఇక, అభిప్రాయము వ్రాసేవారు ఎవరు? ఒక ఆసుపత్రికి 1000 మంది వచ్చినారని, 900 మంది తృప్తి చెందినారని, 100 మంది చెందలేదని అనుకుందాము. తృప్తి చెందినవారిలో నూటికి ఇద్దరు, చెందనివారిలో నూటికి 20 మంది వ్రాసినారనుకుంటే, మెచ్చుకోళ్లు 18, ఫిర్యాదులు 20! సగానికి పైగా రోగులు విసిగిపోయినట్లు కనిపిస్తుంది. ఆసుపత్రివారే తమకు కావలసినవారిచేత వ్రాయిస్తే లెక్క ఇటునుండి అటు తిరుగుతుంది.

భారత ప్రభుత్వము 2016లో ప్రారంభించిన ‘మేరా అస్పతాల్’ పద్ధతిలో వ్రాసేవారి కొరకు కాచుకొని ఉండరు. ఆసుపత్రికి వచ్చినవారి ఫోనుకే ప్రశ్న పంపుతారు. తృప్తి లేదంటే కారణము సిబ్బంది ప్రవర్తనా, పరిశుభ్రతా, ఖర్చా అని విడదీసి అడుగుతారు. జవాబు ఇవ్వటము, మానటము ఇక్కడా రోగి ఇష్టమే. అయినా కారణాలు విడివిడిగా తెలియటము ఒక్క సగటు అంకెకంటె ఎంతో మేలని నా అభిప్రాయము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. మధ్యాహ్న భోజనానికి ఒకటినుండి అయిదు వరకు మార్కులు వేయమని, ఇష్టమున్నవారే చీటీలు ఇవ్వమని ఒకరోజు చెప్పండి. ఆ వెంటనే పిల్లలందరిచేత పేరు లేకుండా చీటీలు వ్రాయించండి. రెండు సగటులను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వేసి, తేడా ఎందుకు వచ్చినదో పిల్లలనే అడగండి.