చిన్న విహారనౌకలో భోజనం, సేవ

ప్రయాణికుల సంఖ్య రెండు మూడు వందలు దాటని క్రూయిజ్ ఓడలను స్థూలంగా చిన్న విహారనౌకలు అంటారు. వీటికీ మహానౌకలకూ తేడా ఎంతో తెలియాలంటే రెండు లెక్కలు చాలు. 2024లో యాత్రలు మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ పూర్తిగా నిండితే అందులో 7,600 మంది ప్రయాణికులు ఉంటారు. సిబ్బంది సుమారు 2,350 మంది. ‘సీడ్రీమ్’ సంస్థ నడిపే రెండు నౌకల్లో ఒక్కోదానిలో ఎక్కే ప్రయాణికులు 112 మందికి మించరు. సిబ్బంది మాత్రం 95 మంది దాకా ఉంటారు. అక్కడ ఒక ఉద్యోగికి ముగ్గురికి పైగా ప్రయాణికులైతే, ఇక్కడ దాదాపు మనిషికొక మనిషి. ఈ 95 మందిలో ఇంజిన్ గదిలో పనిచేసేవారు, ఓడ నడిపే అధికారులు కూడా ఉన్నారు. అయినా భోజనం వడ్డించే తీరునూ, గదిలో జరిగే సేవనూ చాలావరకు నిర్ణయించేది ఈ నిష్పత్తే.

సీడ్రీమ్ నౌకలు రెండూ 1984, 1985లలో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో ‘సీ గాడెస్’ పేరుతో తయారయ్యాయి. ఒక్కోదాని పొడవు సుమారు 105 మీటర్లు. సంపన్నులు సొంత యాట్‌లో తిరిగినట్టు కొద్దిమందిని హాయిగా తిప్పాలన్నది వాటిని కట్టించినవారి ఆలోచన. కొన్నాళ్లకు అవి క్యునార్డ్ సంస్థ చేతికి వెళ్లాయి. నార్వే వ్యాపారవేత్త అట్లే బ్రినెస్టాడ్ 2001లో సీడ్రీమ్ సంస్థను స్థాపించి వాటిని నడపసాగారు. చిన్న విలాస నౌకలకు పేరుపడ్డ సీబోర్న్ సంస్థను 1980ల దశకంలో మొదలుపెట్టింది కూడా ఆయనే. ఈ నౌకలు ఎక్కువగా వేసవిలో మధ్యధరా సముద్రంలో, చలికాలంలో కరీబియన్ దీవుల మధ్య తిరుగుతాయి.

ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో తినడానికీ తాగడానికీ 20కి పైగా చోట్లు ఉన్నాయి. సీడ్రీమ్‌లో ప్రధానమైన భోజనశాలలు రెండే. పై డెక్కు మీద గాలి వెలుతురు తగిలే ‘టాప్‌సైడ్’లో ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం పెడతారు. రాత్రి భోజనం కింది అంతస్తులోని ‘డైనింగ్ సెలూన్’లో జరుగుతుంది. వాతావరణం బాగుంటే రాత్రిపూట కూడా ఆరుబయట బల్లలు వేస్తారు. భోజనానికి ముందు అందరూ ఒకచోట చేరి చిరుతిళ్లతో, పానీయాలతో కాసేపు కబుర్లు చెప్పుకుంటారు.

పెద్ద ఓడల ప్రధాన భోజనశాలల్లో పాత పద్ధతి ప్రకారం రాత్రి భోజనం రెండు పంక్తులుగా సాగుతుంది. ఎవరు ఏ పంక్తిలో, ఏ బల్ల దగ్గర కూర్చోవాలో ముందే నిర్ణయమైపోతుంది. చిన్న ఓడలో ఆ బెడద ఉండదు. భోజన సమయంలో ఎప్పుడైనా రావచ్చు, నచ్చినవారి పక్కన కూర్చోవచ్చు. ప్రయాణికులంతా ఒకేసారి వచ్చినా బల్లలు సరిపోతాయి. వందమందికే వండాలి కాబట్టి చాలా వంటకాలను ముందే చేసి వేడిపెట్టెల్లో ఉంచాల్సిన పని లేదు. ఆర్డరు వచ్చాకే చేపముక్క పెనం ఎక్కుతుంది. ఎంత కాల్చాలో, సాస్ పక్కన పెట్టాలో పైన పోయాలో చెబితే అలాగే చేసి తెస్తారు. మెనూ రోజూ మారుతుంది. అందులో ఏదీ నచ్చనివారి కోసం ఎప్పుడూ దొరికే కొన్ని వంటకాలు ఉంటాయి.

సీడ్రీమ్ కరీబియన్ యాత్రల్లో బాగా పేరుపడ్డ వేడుక ఒకటుంది. ఓడను తీరానికి కాస్త దూరంలో లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో బీచ్‌కు చేరుస్తారు. యూనిఫాం వేసుకున్న స్టివార్డులు, అంటే ప్రయాణికులకు సేవ చేసే సిబ్బంది, అలాగే సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్లి నడుములోతు నీళ్లలో నిలబడతారు. నీటి మీద తేలే సర్ఫ్ బోర్డే బల్ల. దానిమీద షాంపేన్ సీసాలు, చేపగుడ్లతో చేసే ఖరీదైన కేవియార్ పెట్టుకుని, ఈదుకుంటూ వచ్చినవారికి వడ్డిస్తారు. ఆ తర్వాత ఒడ్డునే నిప్పులమీద కాల్చిన చేపలు, మాంసంతో భోజనం పెడతారు. ఇసుకలోనైనా తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, పింగాణీ పళ్లేలు ఉంటాయి.

ఈ సౌఖ్యం వెనుక వంటగది పడే శ్రమ చాలా ఉంది. ఓడలో వంటగదిని గ్యాలీ అంటారు. నడిసముద్రంలో అగ్నిప్రమాదం కన్నా పెద్ద భయం లేదు కాబట్టి ప్రయాణికుల నౌకల్లో గ్యాస్ మంటకు బదులు సాధారణంగా విద్యుత్ పొయ్యిలే వాడతారు. ఓడ ఊగినప్పుడు గిన్నెలు జారిపడకుండా పొయ్యి చుట్టూ లోహపు కడ్డీలు బిగిస్తారు. యాత్ర మొదలయ్యే రేవులోనే బియ్యం, పిండి, మాంసం, పాల పదార్థాలు ఎక్కించుకుంటారు. ఆకుకూరలు, పండ్లు, పచ్చి చేపలు మాత్రం దారిలో దొరికినచోట కొంటారు. పెద్ద ఓడలు పట్టని చిన్న రేవులకూ ఈ నౌకలు వెళ్లగలగడం ఇక్కడ కలిసొస్తుంది. కొన్ని రేవుల్లో షెఫ్ తనతోపాటు ప్రయాణికులనూ స్థానిక మార్కెట్‌కు తీసుకువెళతారు.

శుభ్రత విషయంలో చిన్న నౌకకు మినహాయింపు లేదు. విదేశీ రేవులను చుట్టి అమెరికా రేవులకు వచ్చే, 13 మంది లేదా అంతకన్నా ఎక్కువ ప్రయాణికులను మోసే నౌకలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం తనిఖీ చేస్తుంది. అధికారులు ముందుగా చెప్పకుండా వస్తారు. నూటికి 85 మార్కులో అంతకన్నా తక్కువో వస్తే ఓడ తప్పినట్టే. చల్లగా ఉంచాల్సిన పదార్థం 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, వేడిగా ఉంచాల్సింది 57 డిగ్రీలకు తగ్గకూడదు. ఈ తనిఖీల నివేదికలు ఎవరైనా చదువుకునేలా బయటపెడతారు.

ఇక వ్యక్తిగత సేవ. అది ఓడ ఎక్కకముందే మొదలవుతుంది. ఆహార నియమాలు, పడనివి, పుట్టినరోజు, పెళ్లిరోజు వంటి వివరాలను టికెట్ కొన్నాక సంస్థ అడిగి తీసుకుంటుంది. అవి గ్యాలీకి, భోజనశాల పెద్ద అయిన మైతర్ డీకి, గది చూసుకునే స్టివార్డుకు చేరతాయి. గది స్టివార్డు ఉదయం ఒకసారి, ప్రయాణికులు రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు మరోసారి గది సర్దుతారు. మొదటిరోజు కాఫీలో చక్కెర వద్దన్నవారికి రెండోరోజు చెప్పకుండానే చక్కెర లేని కాఫీ వస్తుంది. ముఖాలు తక్కువ, రోజూ కనిపించేవారు వాళ్లే కాబట్టి పేర్లూ అలవాట్లూ త్వరగానే గుర్తుండిపోతాయి. వేరుశనగ, గోధుమ వంటివి పడనివారికి మైతర్ డీ మర్నాటి మెనూ ముందురోజు రాత్రే చూపించి, ఏం వండాలో అడిగి రాసుకుంటారు.

ఇదే సేవను వేరే పద్ధతిలో చేసే సంస్థలూ ఉన్నాయి. 1994లో మొదటి నౌకను దింపిన సిల్వర్‌సీ ప్రతి సూట్‌కూ బట్లర్‌ను ఇస్తుంది. పెట్టెలు విప్పి బట్టలు సర్దడం, బూట్లు పాలిష్ చేయడం, గదిలోనే భోజనం ఒక్కో వంతుగా తెచ్చి వడ్డించడం బట్లర్ పనులు. మన దేశంలో 2023 జనవరి 13న వారణాసి నుంచి బయలుదేరిన ‘గంగా విలాస్’ ఇంకా చిన్నది. 18 సూట్లలో 36 మందికే చోటు. 51 రోజుల్లో సుమారు 3,200 కిలోమీటర్లు ప్రయాణించి డిబ్రూగఢ్ చేరేలా ఆ యాత్రను రూపొందించారు. ఓడలో మాంసాహారం, మద్యం ఉండవని, స్థానిక శాకాహార వంటకాలే వడ్డిస్తామని నిర్వాహకులు అప్పట్లో ప్రకటించారు. తొలి యాత్రలో ఎక్కువమంది స్విట్జర్లాండ్ వారే.

డబ్బు లెక్క కూడా ముందే తెలుసుకోవాలి. చాలా పెద్ద ఓడల్లో సిబ్బందికిచ్చే టిప్పును మనిషికి రోజుకింత చొప్పున బిల్లులో కలుపుతారు. మద్యానికి, ప్రత్యేక రెస్టారెంట్లకు విడిగా కట్టాలి. సీడ్రీమ్ వంటి నౌకల్లో భోజనం, చాలా పానీయాలు, టిప్పులు టికెట్ ధరలోనే ఉంటాయి. స్పా, ఒడ్డున తిప్పే యాత్రలు, ఖరీదైన వైన్లు వేరు. అన్నీ కలిసినట్టు కనిపించే ఆ ధర మామూలు ఓడ టికెట్ కన్నా చాలా ఎక్కువ.

ఇంత సేవ చేసేవారు నెలల తరబడి ఇంటికి దూరంగా, సెలవు రోజు లేకుండా పనిచేస్తారు. వారి రక్షణ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఉద్యోగికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. భోజనం వడ్డించే యువకుడు కూడా అగ్నిమాపకం, ప్రాణరక్షణ, ప్రథమ చికిత్సల్లో ప్రాథమిక శిక్షణ పొంది ఉండాలి. ప్రమాద ఘంటిక మోగితే ప్రయాణికులను లైఫ్‌బోట్ల దగ్గరకు నడిపించే బాధ్యత అలాంటి స్టివార్డుల మీదా ఉంటుంది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఓడ ఉద్యోగానికి వెళ్లాలనుకునే తెలుగు యువత ఈ శిక్షణనూ, విశ్రాంతి నిబంధనలనూ ముందే తెలుసుకోవడం మంచిది.

చిన్న నౌకలో లేనివీ చాలా ఉన్నాయి. భారీ నాటకశాలలు, పిల్లల ఆటస్థలాలు, వీధుల కొద్దీ దుకాణాలు కనిపించవు. సముద్రం అల్లకల్లోలమైతే కుదుపు పెద్ద ఓడలో కన్నా ఎక్కువ తెలుస్తుంది. శాకాహారులు మరో సంగతి గమనించాలి. ఐరోపా వంటగదిలో శాకాహారమంటే గుడ్డు, జున్ను కలిసినదే కావచ్చు. గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి తిననివారు ఏమేమి తినరో విడివిడిగా రాసి, సరుకు ఓడ ఎక్కకముందే, అంటే కొన్ని వారాల ముందు పంపాలి. కావలసిన దినుసు నడిసముద్రంలో దొరకదు. ముందుగా తెలిస్తే మాత్రం వందమందికి వండే గ్యాలీలో ఒక్కరి కోసం విడిగా వంట చేయడం కష్టం కాదు.