ఇన్సులిన్ అనగానే భయమెందుకు?

మాత్రలతో రక్తంలోని చక్కెర అదుపులోనికి రానప్పుడు, వైద్యుడు ఇన్సులిన్ ప్రారంభించవలెనని సూచించును. ఆ మాట వినగానే అనేకమంది రోగుల ముఖము వాడిపోవును. "మరి మూడు నెలలు గడువివ్వండి, పథ్యము గట్టిగా చేసెదను" అని వేడుకొందురు. ఆ మూడు నెలలు మూడేండ్లగును. ఈలోగా కన్నులు, మూత్రపిండములు, పాదములలోని నాడులు నిశ్శబ్దముగా దెబ్బతినుచుండును. ఈ జాప్యమునకు సూది నొప్పికన్న మనస్సులో నాటుకొన్న అపోహలే ముఖ్య కారణము.

"ఇది ఆఖరి మందు"

బంధువులలో ఎవరికో ఇన్సులిన్ ఆరంభించిన కొలదికాలమునకే కాలు తీసివేసిరని విని, పలువురు భయపడుదురు. ఆ హాని ఇన్సులిన్ వలన కలిగినది కాదు. అంతకుముందు ఏండ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర వలన కలిగినది. ఆలస్యముగా వచ్చిన మందుపై నింద పడినది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున, మృత్యుముఖములోనున్న 14 ఏండ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చిరి. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను.

"అలవాటైపోవును"

ఇన్సులిన్ మత్తుమందు కాదు. ఆరోగ్యవంతుల క్లోమగ్రంథి నిత్యము తయారుచేయు పదార్థమే అది. మాంసకృత్తు గనుక నోటితో పుచ్చుకొన్నచో జీర్ణమైపోవును, అందుకే సూది. నేడు 4 మిల్లీమీటర్ల పొడవు గల సన్నని సూదులు లభించుచున్నవి. గర్భధారణ, శస్త్రచికిత్స వంటి సమయములలో ఇన్సులిన్ వాడి, పిదప వైద్యుని సలహాపై మానినవారును కలరు.

"నా తప్పు వల్లనే"

ఇది అన్నింటికన్న బాధాకరమైన భావము. సుశ్రుతుడు ప్రమేహమును సహజము, అపథ్య నిమిత్తము అని రెండు విధములుగా విభజించెను. పుట్టుకతో సంక్రమించు దోషము కూడ కలదని మన పూర్వులే గుర్తించిరి. పథ్యము చక్కగా పాటించువారిలో సైతము కాలక్రమమున క్లోమము శక్తి తగ్గుట కలదు. "తీపి తిన్నావు, అనుభవించు" అని ఇంటివారు దెప్పినచో, రోగి పరీక్ష ఫలితములను దాచుటకు అలవాటుపడును.

చక్కెర పడిపోవునను భయము

ఈ భయమునకు ఆధారము కలదు గాని, నివారణయు కలదు. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి తోచినను, చక్కెర 70 మిల్లీగ్రాములకన్న తగ్గినను, వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగవలెను. 15 నిమిషముల పిదప మరల పరీక్షించుకొనవలెను. స్పృహ లేనివారి నోటిలో ఏమియు పోయరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంటి వైద్యము మాటేమి?

మెంతులు, కాకర, నేరేడు గింజల చూర్ణము ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయములు కావు. వీనిని మందుగా వాడదలచినవారు వైద్యునికి ముందుగా తెలుపవలెను. ఇన్సులిన్‌తో కలిసి చక్కెరను మరింత తగ్గించవచ్చును. బాల్యములోనే మధుమేహము సోకిన పిల్లలకు వీనిని నమ్మి ఇన్సులిన్ మాన్పించినచో, కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును.

కావున భయమును దాచుకొనక, వైద్యుని యెదుట విప్పి చెప్పుడు. తొలి సూదిని ఆయన సమక్షముననే వేసికొనుడు. ఇంటివారిలో ఒకరిని వెంట తీసికొని వెళ్ళుడు. మందు పుచ్చుకొనుట ఓటమి కాదు. జాప్యము చేయుటయే నష్టము.