గేటుకి ముందు ఎర్రరంగు ఎందుకు వేస్తారు?

పిల్లలూ, సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించారా? కొత్తగా కడుతున్న ఇళ్ళ దగ్గర గేట్లు, కిటికీ గ్రిల్స్, మేడమెట్ల రెయిలింగులు చాలావరకు ఒకే రంగులో కనిపిస్తాయి. ఇటుకలాంటి, మట్టిలాంటి ఎరుపు. కొన్నాళ్ళ తరవాత మళ్ళీ అదే వీధిలోకి వెళ్తే ఒక గేటు నల్లగా, ఇంకోటి నీలంగా, మరోటి బంగారు రంగులో ఉంటుంది. మరి ఆ ఎరుపు ఏమైంది? ఎక్కడికీ పోలేదు, పై రంగు కింద దాక్కుని తన పని తను చేసుకుంటోంది.

ఆ ఎర్ర పూతని మన ఊళ్ళలో అందరూ 'రెడ్ ఆక్సైడ్' అంటారు. అది అందం కోసం వేసేది కాదు, ఇనుముకి తుప్పు పట్టకుండా వేసేది. ఆ పూతని ఎలా దాచాలో, ఎలా సిద్ధం చేయాలో, ఎలా వేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తుప్పు అంటే ఏమిటి?

ఇనుముకి నీళ్ళు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు దాదాపుగా పట్టదు. ఉప్పు కలిస్తే మాత్రం ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో గేట్లు త్వరగా పాడవుతాయి. మీరు దుబాయిలోనో, డర్బన్‌లోనో, మారిషస్‌లోనో ఉంటే మీ బాల్కనీ రెయిలింగుకీ ఇదే బాధ. చలి దేశాల్లో ఉండేవాళ్ళు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లడం చూసే ఉంటారు. ఆ ఉప్పు వల్లే అక్కడ కార్ల అడుగుభాగం తుప్పు పడుతుంది.

రాగి, ఇత్తడి గిన్నెలకి కూడా చిలుము పడుతుంది. కానీ ఇనుము తుప్పు సంగతి వేరు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకని ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడిన చోట కింద ఉన్న కొత్త ఇనుము బయటపడుతుంది. దానికి మళ్ళీ తుప్పు. ఇలా తింటూ తింటూ పోయి చివరికి చిల్లు పడుతుంది.

తెలంగాణలో చాలామంది తుప్పుని 'జంగు' అంటారు. "గేటుకి జంగు పట్టింది" అని మీ తాతయ్య అంటే ఇదే అర్థం.

వంటింట్లో ఉన్న జవాబు

మీ ఇంట్లో ఇనప పెనం ఉందా? దోసెలు వేశాక అమ్మమ్మ దాన్ని కడిగి, తడి తుడిచి, కాస్త నూనె రాసి పెడుతుంది. ఎందుకు? నూనె పొర ఉంటే నీళ్ళూ గాలీ ఇనుముని తాకలేవు. రెడ్ ఆక్సైడ్ చేసే మొదటి పని కూడా అదే, అడ్డుగా నిలబడటం. పెనానికి నూనె రోజూ రాయొచ్చు, గేటుకి రాయలేం కదా! అందుకని ఆరి గట్టిపడే పూత కావాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ పూతలో ఉండే ఎర్రటి పొడి ఐరన్ ఆక్సైడ్. తుప్పులో ఉండేది కూడా ఐరన్ ఆక్సైడే! అంటే తుప్పుకి దగ్గరి చుట్టాన్నే తుప్పుకి కాపలా పెడుతున్నాం అన్నమాట. ఆ పొడి ఇప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయింది, ఇక దానికి కొత్తగా తుప్పు పట్టేదేమీ లేదు. జిగురులాంటి ద్రవంలో కలిసి, ఇనుముని అంటిపెట్టుకుని గట్టి పొరగా నిలబడుతుంది.

మంచి రకం ప్రైమర్లలో జింక్ ఫాస్ఫేట్ అనే పదార్థం కూడా కలుపుతారు. అది ఊరికే అడ్డు నిలబడదు, తుప్పు పట్టే పనినే నెమ్మది చేస్తుంది.

మొదటి మెట్టు: డబ్బాని దాచడం

రంగు వేయడానికి ముందే రంగు పాడైపోతే ఎలా? అందుకని డబ్బాని జాగ్రత్తగా దాచాలి.

1. మూత గట్టిగా బిగించాలి. ఈ రంగు గాలి తగిలితే ఆరిపోయే రకం. మూత వదులుగా ఉంటే, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు రంగు మీద తొక్క కడుతుంది.
2. మూత పెట్టేముందు డబ్బా అంచుని గుడ్డతో తుడవాలి. అంచు మీద రంగు ఎండితే మూత సరిగ్గా కూర్చోదు.
3. చల్లగా, నీడగా, గాలి ఆడే చోట పెట్టాలి. ఇందులో ఉండే ద్రవాలు సులువుగా అంటుకుంటాయి. అందుకని పొయ్యి, గ్యాసుబండ, దేవుడి గదిలో దీపం, వీటికి దూరంగా ఉంచాలి.
4. మిగిలిన రంగు కొంచెమే అయితే చిన్న డబ్బాలోకి మార్చాలి. డబ్బాలో ఖాళీ తగ్గితే గాలి కూడా తగ్గుతుంది కదా! ఏ రంగో, ఎప్పుడు కొన్నారో పైన రాయాలి.
5. తాగే నీళ్ళ సీసాల్లో, తినే వస్తువుల డబ్బాల్లో ఎప్పుడూ పోయకూడదు. చిన్న తమ్ముడో చెల్లెలో తాగే ప్రమాదం ఉంది.

రెండో మెట్టు: ఇనుముని సిద్ధం చేయడం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది వదిలేసేది కూడా ఇదే.

ఇలా అనుకోండి. సంక్రాంతి వస్తోంది. గేటు అడుగున తుప్పు ఉంది. "తాతయ్యా, పైన నీలం రంగు వేసేస్తే కనపడదు కదా?" అని మీరు అడిగారు. తాతయ్య నవ్వి, "కనపడదురా కన్నా, కానీ లోపల తింటూనే ఉంటుంది" అన్నారు. గేటు అడుగున వేలితో నొక్కి చూపించారు. పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక ఇనుము బదులు ఎర్రటి పొడి!

గేటెక్కి ఊగడం మీకు సరదా. కానీ మడతబందు దగ్గర తుప్పు తినేస్తే, పైకి కొత్తగా మెరిసే గేటే మీతో సహా కిందపడొచ్చు. మన పెద్దవాళ్ళు ఇలాంటి వాటినే "పైన పటారం, లోన లొటారం" అంటారు. అంటే పైకి ఆడంబరం, లోపల డొల్ల అని.

అందుకని ముందు తుప్పు పోవాలి.

మొదట సబ్బునీళ్ళతో జిడ్డు, దుమ్ము కడిగి ఆరనివ్వాలి. తరవాత వైరు బ్రష్షుతో వదులుగా ఉన్న తుప్పుని, పెచ్చులని గీకాలి. ఆపైన ఉప్పుకాగితంతో రుద్దాలి. ఉప్పుకాగితంలో ఉప్పు ఉండదు, పట్టుకుంటే రాళ్ళుప్పులా గరగరలాడుతుంది, అంతే! చివరికి పొడి గుడ్డతో దుమ్మంతా తుడవాలి.

శుభ్రం చేసిన రోజే పూత వేసెయ్యాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, శుభ్రం చేసిన ఇనుముకి కొద్ది గంటల్లోనే మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

ఆగండి! పాత రంగా?

గీకేముందు పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగండి: "ఈ రంగు ఎప్పటిది?"

పాతరోజుల్లో ఇనుముకి వేసే ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండేది. అది తుప్పుని బాగా ఆపేది. కానీ సీసం విషం. దాని దుమ్ము చేతికి అంటి నోట్లోకి పోయినా, గాలిలో పీల్చినా పిల్లల మెదడు ఎదుగుదలకి హాని. అందుకే అమెరికాలో 1978లో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించారు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

కాబట్టి రంగు చాలా పాతదైతే పిల్లలు దాన్ని గీకకూడదు, రుద్దకూడదు. పెద్దవాళ్ళు కూడా ముందు పరీక్ష చేయించి, పని తెలిసినవాళ్ళతోనే తీయించాలి.

మూడో మెట్టు: రంగుని కలపడం

డబ్బా మూత తీయగానే పైన పల్చటి ద్రవం కనిపిస్తుంది. ఎర్ర పొడి బరువుగా ఉంటుంది కనుక అడుగుకి దిగిపోతుంది. కలపకుండా వేస్తే మొదట పల్చని నీళ్ళలాంటి పూత, చివర ముద్ద. పప్పుచారు పైన తేట మాత్రమే వడ్డించుకున్నట్టు!

ఒక చదునైన కర్ర తీసుకుని అడుగునుంచి పైకి, బాగా కలిసేదాకా కలపాలి. పైన తొక్క కట్టి ఉంటే దాన్ని కలపకుండా తీసి పారేయాలి. మరీ చిక్కగా ఉంటే, డబ్బా మీద చెప్పిన ద్రవాన్ని, చెప్పినంతే కలపాలి. ఇంట్లో వాడే రకాలకి చాలాసార్లు టర్పెంటైన్ వాడతారు. ఎక్కువ పోస్తే పూత పల్చబడి కారిపోతుంది.

నాలుగో మెట్టు: పూత వేయడం

వాన పడేటప్పుడు, పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు వేయకూడదు. ఇనుము పూర్తిగా పొడిగా ఉండాలి. ఎండకి కాలిపోతూ ఉన్నా మంచిది కాదు. ఎండ ముదరకముందు, తడి ఆరిన తరవాత వేయడం మేలు.

ముందు మూలలు, అంచులు, అతుకులు, మడతబందుల చుట్టూ వేయాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే. తరవాత మిగతా భాగం. ఒకేసారి మందంగా వేస్తే కారుతుంది, లోపల ఆరదు. పల్చగా ఒక పూత వేసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, తరవాత రెండో పూత వేయాలి.

అంతటితో అయిపోయిందా? లేదు! ఎర్ర పూత ఒక్కటే ఎండకీ వానకీ చాలాకాలం ఆగదు. దానిమీద ఎనామిల్ రంగు వేయాలి. ఎర్ర పూత ఇనుమునీ పై రంగునీ కలిపి పట్టుకుంటుంది, పై రంగు ఎర్ర పూతని కాపాడుతుంది. ఇద్దరూ ఉంటేనే గేటు పదికాలాలు ఉంటుంది.

పని అయ్యాక రంగు, నూనె అంటిన గుడ్డల్ని ముద్దగా పడేయకూడదు. కొన్ని నూనె రంగులు ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక మంట అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి. మిగిలిన రంగుని సింకులోనో కాలవలోనో పోయకూడదు.

మీ పని, పెద్దల పని

మీరు చేయొచ్చు: తుప్పు ఎక్కడుందో వెతకడం, సబ్బునీళ్ళతో కడగడం, డబ్బా మీద తేదీ రాయడం.

పెద్దవాళ్ళే చేయాలి: గీకడం, టర్పెంటైన్ కలపడం, రంగు వేయడం. వాళ్ళకి చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు గుర్తుచేసే బాధ్యత మీదే!

పెద్ద పెద్ద కట్టడాలకీ ఇదే మందు

పారిస్‌లోని ఐఫిల్ టవర్ 1889లో పూర్తయింది. ఇనుముతో కట్టిన ఆ గోపురానికి సుమారు ఏడేళ్ళకోసారి రంగు వేస్తారు. ఒక్కోసారి దాదాపు 60 టన్నుల రంగు పడుతుంది!

శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన 1937లో తెరిచారు. దాని ఉక్కు ముక్కలు ఎర్రటి ప్రైమర్ పూసుకుని వచ్చాయి. ఆ ఎరుపు వంతెన చుట్టూ ఉన్న కొండలకీ నీళ్ళకీ భలే నప్పిందని వాస్తుశిల్పి ఇర్వింగ్ మారోకి అనిపించింది. అందుకే దానికి ఇప్పటికీ ఆ నారింజ ఎరుపు రంగు. అంటే మన వీధి గేటు ఎరుపూ, ఆ వంతెన ఎరుపూ బంధువులే అనుకోవచ్చు!

కొత్త మాటలు

పెచ్చు: పొరలా ఊడివచ్చే ముక్క
మడతబందు: తలుపు, గేటు తిరగడానికి బిగించే ఇనప అతుకు
డొల్ల: లోపల ఏమీ లేనిది
తొక్క కట్టడం: ద్రవం పైన పొర ఏర్పడటం
పదికాలాలు: చాలాకాలం

మాటల ఆట: 'పట్టు'

ఇనుముకి తుప్పు పడుతుంది. ఇత్తడికి చిలుము పడుతుంది. పాత ఇంట్లో బూజు పడుతుంది. బావి మెట్లకి నాచు పడుతుంది. ఇలాంటివి ఇంకో రెండు మీ ఇంట్లో అడిగి రాయండి.

ఆలోచించి చెప్పండి

1. తుప్పు పట్టడానికి ఏ రెండూ కావాలి?
2. శుభ్రం చేసిన రోజే పూత ఎందుకు వేయాలి?
3. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత గేటుకి కాకుండా ఇంకెక్కడ సరిపోతుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

చేసి చూడండి

నాలుగు గ్లాసులు, నాలుగు ఇనప మేకులు తీసుకోండి. జింకు పూత ఉన్న మేకులు వద్దు. ఒక గ్లాసులో మేకు ఒక్కటే పెట్టండి. రెండోదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో ఉప్పునీళ్ళు పోయండి. నాలుగో మేకుకి సగం వరకు అమ్మనడిగి గోళ్ళరంగు పూసి, ఆరాక ఉప్పునీళ్ళలో వేయండి. వారం రోజులు రోజూ చూసి, చూసింది తెలుగులో రెండేసి వాక్యాలు రాయండి.

తరవాత తాతయ్యకి ఫోన్ చేసి అడగండి: "తాతయ్యా, మన గేటుకి రంగు వేసే ముందు తుప్పు గీకించారా?"