అద్దె కాగితం మీద నా పేరు

మా రాజోలు వైపు ఏ ఊరెళ్లినా కొబ్బరితోటల మధ్య ఒకటో రెండో డాబాలు చూపించి ‘కువైట్ మేడలు’ అంటారు. వాటికి డబ్బు పంపినవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. మా అమ్మ వాళ్లలో ఒకరు. బడి ముఖం పెద్దగా చూడని మనిషి. ఇరవయ్యో నంబరు వీసా, అంటే ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లి, అరబ్బుల ఇంట్లో వంటగది పక్కనున్న చిన్నగదిలో ఏళ్ల తరబడి ఉంది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. మేం ఉత్తరం రాస్తే కవరు మీద ఆయన పోస్టుబాక్సు నంబరే వేయాలి. అన్నేళ్లున్నా ఆ దేశంలో తనదని చెప్పుకునే అడ్రసు ఆవిడకు లేదు.

అమ్మ పంపిన డబ్బుతో నేను అమలాపురంలో నర్సింగ్ చదివాను. ఇప్పుడు దుబాయ్‌లో స్టాఫ్ నర్సుని. కొత్తగా వచ్చే మన పిల్లలు జీతం అడుగుతారు, డ్యూటీ అడుగుతారు, ఓవర్‌టైమ్ అడుగుతారు. ఎక్కడుంటామన్నది మాత్రం అడగరు. “మనోళ్ల రూముందంటక్కా” అని విమానం ఎక్కేస్తారు. మనోళ్ల రూము మొదటి రాత్రికి దేవుడిచ్చిన వరమే, నేనూ అలాగే దిగాను. కానీ అక్కడే ఉండిపోకూడదు. ఎంత చిన్నదైనా మన పేరు మీద కాగితమున్న చోటికి మారాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అదెలా జరుగుతుందో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

అన్నిటికన్నా ముందు సర్టిఫికెట్లు. నర్సు దుబాయ్‌లో పనిచేయాలంటే అక్కడి హెల్త్ అథారిటీ లైసెన్సు కావాలి. మన చదువు, అనుభవం నిజమేనా అని డేటాఫ్లో సంస్థ నేరుగా కాలేజీని, ఆసుపత్రిని అడిగి తేల్చుకుంటుంది. ఆపైన కంప్యూటర్ పరీక్ష. ఇంకో సంగతి. 2015 నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే నర్సులకు, పాస్‌పోర్టు ఏ రకానిదైనా సరే, భారత ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. అప్పట్లో కొందరు ఏజెంట్లు ఒక్కో నర్సు దగ్గర లక్షలకు లక్షలు గుంజడం బయటపడి ఈ నిబంధన వచ్చింది. “ముందు విజిట్ వీసా మీద వచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటాను” అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో వదిలేయండి.

దిగాక పనులన్నీ వరుసగా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్రలు, ఆపైన ఎమిరేట్స్ ఐడీ. ఆ కార్డు వస్తేనే బ్యాంకు ఖాతా, ఖాతాలో జీతం పడితేనే చెక్కుబుక్కు, చెక్కుబుక్కు ఉంటేనే సొంతంగా ఇల్లు. అందుకే మొదటి నెలల్లో దాదాపు అందరూ ‘బెడ్‌స్పేస్’లో ఉంటారు. అంటే గదిలో ఒక మంచం అద్దె.

నా మొదటి మంచం కరామాలో. ఒక పెద్ద గదిని ప్లైవుడ్ పలకలతో ముక్కలు చేశారు. నా ముక్కకు కిటికీ లేదు. ఏసీ గాలి పలకల పైనుంచి రావాలి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుందామంటే పక్క అరలో ఫోను మాటలు. అద్దె చేతికి ఇవ్వాలి, రసీదు ఉండదు. వీడియోలో చూసిన అమ్మ అడిగిన మొదటి మాట, “అమ్మాయ్, అందులో గాలాడుద్దా?”

ఆ ప్రశ్న ఎంత అవసరమైనదో 2024 జూన్ 12న తెలిసింది. కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుంటున్న భవనంలో మంటలు లేచి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. గదుల మధ్య అడ్డుగా పెట్టిన, తేలిగ్గా అంటుకునే సామాను వల్ల మంటా పొగా త్వరగా పాకాయని అక్కడి అధికారులు చెప్పారు. చనిపోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏడాది తర్వాత, 2025 జూన్‌లో, దుబాయ్ మునిసిపాలిటీ రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా లాంటి చోట్ల అనుమతి లేని పార్టిషన్ల మీద తనిఖీలు మొదలుపెట్టింది. మంచిపనే. కానీ అలాంటి తనిఖీ జరిగినప్పుడు ఒప్పందంలో పేరు లేనివాళ్లు పెట్టె సర్దుకోవడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

నేనూ, మా వార్డులోనే పనిచేసే ఇద్దరు మలయాళీ నర్సులూ కలిసి అల్ నహ్దాలో, మెట్రో గ్రీన్‌లైన్ దగ్గర, ఒక పడకగది ఫ్లాటు తీసుకున్నాం. ముగ్గురం ఉంటామని ముందే ఓనరుతో చెప్పి రాయించుకున్నాం. ఇక్కడ అద్దె మన దగ్గరలా నెలవారీ కాదు, ఏడాదిది. ముందు తేదీలు వేసిన చెక్కులు ఒకటో, రెండో, నాలుగో ఒకేసారి ఇచ్చేయాలి. లెక్క కోసం ఏడాదికి 60,000 దిర్హాములు, నాలుగు చెక్కులు అనుకోండి. మొదటి చెక్కు 15,000. డిపాజిట్ మామూలుగా 5 శాతం, అంటే 3,000. ఏజెంటు కమిషన్ మరో 5 శాతం. కరెంటూ నీళ్లకు డీవా సంస్థకు కట్టే డిపాజిట్ 2,000. గుమ్మం దాటకముందే 23,000, మన డబ్బులో ఐదు లక్షల పైమాటే! ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇందులో రెండు డిపాజిట్లూ ఖాళీ చేసేటప్పుడు తిరిగొస్తాయి. అందుకే దిగిన రోజే గోడలు, కుళాయిలు, ఏసీ అన్నీ వీడియో తీసి పెట్టుకోవాలి. డీవా బిల్లులో ప్రతి నెలా హౌసింగ్ ఫీజు కూడా కలుస్తుంది. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు నెలలకు పంచుతారు. పై లెక్కలో నెలకు 250.

ఒప్పందాన్ని ప్రభుత్వ ‘ఇజారీ’ వ్యవస్థలో నమోదు చేయించాలి. 2010 నుంచి ఉన్న పద్ధతిది. ఇజారీ ఉంటే అద్దె వివాదాల కేంద్రానికి వెళ్లి మన మాట చెప్పుకోవచ్చు. అద్దె పెంచాలన్నా ఓనరు 90 రోజుల ముందు చెప్పాలి. ఇల్లు అమ్ముకుంటాననో, నేనే ఉంటాననో ఖాళీ చేయించాలంటే 12 నెలల ముందు నోటీసివ్వాలి. ఆ కాగితం మీద నా పేరు చూసినప్పుడు నాకు వంటగది పక్కనున్న ఆ గదే గుర్తొచ్చింది. ఫొటో తీసి అమ్మకు పంపాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ నా పేరు గుర్తుపట్టింది.

ఇక ఇల్లు నడపడం. వేసవిలో మిద్దెమీది ట్యాంకులో నీళ్లు మరిగిపోతాయి. చల్లకుళాయి తిప్పితే ఒళ్లు కాలుతుంది. అందుకని గీజరు ఆపేసి వేణ్నీళ్ల కుళాయి వాడతాం. గీజరు లోపలుంటుంది గనక అందులోవే కాస్త చల్లగా ఉంటాయి. చేపలకు దేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కి వెళ్తాను. మన వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారు. కొబ్బరికాయ డబ్బిచ్చి కొనడానికి మాత్రం చాలాకాలం మనసొప్పలేదు. వాట్సాప్‌లో మాటలు రాసుకోవచ్చు గానీ కాల్ కలవదు. బోటిమ్ లాంటి యాప్ ముందే అమ్మానాన్నల ఫోన్లో వేసి, ఎలా ఎత్తాలో నేర్పి రండి. ఆ పని మరిచిపోతే మొదటి వారమంతా ఇంట్లోవాళ్లకు కంటిమీద కునుకుండదు.

అమ్మలా ఇంటిపనికి వెళ్లేవాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఫ్లాటూ ఇజారీ ప్రసక్తే రాదు. ఉన్న రక్షణలైనా తెలియాలి. పది పాసుకాని మహిళకు 30 ఏళ్లు నిండితేనే ఈ పనికి క్లియరెన్సు ఇస్తారు. ఏజెంటుకు లైసెన్సుందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలే ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. కువైట్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు, వారానికో సెలవివ్వాలి. అమ్మ వెళ్లినప్పుడు ఇవేవీ లేవు. దుబాయ్‌లోనూ పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలి. ఆపదొస్తే భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342 నంబరుకు రాత్రీ పగలూ చేయొచ్చు, తెలుగులో ఏడ్చినా వినే మనిషిని చూస్తారు.

మా పిన్ని కూతురు సఖినేటిపల్లి నుంచి వచ్చే నెల వస్తోంది. ఒక మలయాళీ అమ్మాయి పెళ్లి చేసుకుని అబుదాబి వెళ్లిపోయింది గనక మంచం ఖాళీగానే ఉంది. ఓనరు అనుమతి రాతలో తీసుకున్నాం. ఆ పిల్లకి ఎమిరేట్స్ ఐడీ రాగానే ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో ఇంట్లో ఉండేవాళ్ల జాబితాలో దాని పేరు కూడా ఎక్కిస్తాం. సర్టిఫికెట్ల అసలు కాపీలు చేతి సంచిలోనే పెట్టుకోమని, పాస్‌పోర్టు ఎవరడిగినా జిరాక్సే ఇమ్మని రోజూ చెప్తున్నాను.