మీకు తెలుసా? రాడ్‌ను తెంచేది తోపు కాదు, లాగుడు

టర్బో ఇంజిన్‌లో మంట ఒత్తిడికి, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కానీ విపరీతమైన వేగంతో తిరిగే రేసు ఇంజిన్‌లో అది ఎక్కువగా తెగేది ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర, పిస్టన్ పైకంటా వెళ్లి వెనక్కి మళ్లే క్షణంలో. అప్పుడు పైనుంచి అడ్డుకునే గ్యాస్ ఒత్తిడి దాదాపు ఉండదు. భారమంతా రాడ్ మీదే. స్ట్రోక్ 86 మి.మీ. ఉన్న ఇంజిన్ 8,000 ఆర్‌పీఎంలో తిరిగితే, అర కిలో పిస్టన్ రాడ్‌ను సుమారు 2 టన్నుల బలంతో లాగుతుంది. వేగం రెట్టింపైతే ఈ లాగుడు నాలుగు రెట్లవుతుంది.

అందుకే బలం ఒక్కటే చాలదు, బరువూ తగ్గాలి. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ కారుకు టైటానియం రాడ్లు వేసింది ఇందుకే.

ఉన్న ఉక్కు రాడ్‌నే గట్టిపరచాలంటే, పక్కల మీది ఫోర్జింగ్ గీతలను నిలువునా రుద్ది నునుపు చేస్తారు. అడ్డంగా రుద్దితే పడే గీతే పగులుకు దారి. తర్వాత సన్నని ఉక్కు గుళ్లతో కొడతారు. దీన్ని షాట్ పీనింగ్ అంటారు. దాంతో పైపొర లోపలికి నొక్కుకుని, పగులు పుట్టడం కష్టమవుతుంది.

అయినా నా దృష్టిలో మొదట డబ్బు పెట్టాల్సింది రాడ్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు బిగించే బోల్టుల మీద. మంచి మెకానిక్ టార్క్ రెంచ్‌ను మాత్రమే నమ్మడు. బిగించాక బోల్టు ఎంత సాగిందో గేజ్‌తో కొలుస్తాడు. విప్పాక అది పాత పొడవుకు రాకపోతే మళ్లీ వాడకూడదు.