క్లైమ్, అసెండ్ – రెండూ ఎక్కడమేనా?



ఇంగ్లీషు డిక్షనరీ తీసి 'క్లైమ్' చూస్తే 'ఎక్కు' అని ఉంటుంది. 'అసెండ్' చూసినా 'ఎక్కు' అనే ఉంటుంది. ఒకే పనికి రెండు మాటలెందుకు, ఏది ఎక్కడ రాయాలి అని టెన్త్ వాళ్ళు చాలామంది అడుగుతున్నారు. కొందరైతే 'క్లైమ్' మోటు మాట, పరీక్షలో 'అసెండ్' రాస్తేనే మార్కులు పడతాయి అంటున్నారు. దీనికి నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

ముందు పలకడం. క్లైమ్ స్పెల్లింగులో చివర 'బి' ఉంటుంది గాని నోటితో అనకూడదు. 'క్లైంబ్' కాదు, 'క్లైమ్'. జరిగిపోయిన పనికి 'క్లైమ్డ్'. అసెండ్‌లో 'ఎస్' పక్కన 'సి' ఉంటుంది. అది వినపడదు, అయినా రాయాల్సిందే.

ఇక పుట్టుక. క్లైమ్ ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట, పాతకాలం నుంచీ ఉన్నది. అసెండ్ లాటిన్ నుంచి వచ్చింది. మనకూ అంతే కదా! 'ఎక్కు' తెలుగు మాట, 'అధిరోహించు' సంస్కృతం నుంచి వచ్చిన మాట. "అమ్మా, చింతచెట్టు అధిరోహించి వస్తాను" అని ఇంట్లో అంటే జ్వరమేమైనా వచ్చిందా అని నుదురు పట్టుకుని చూస్తారు. రాజుగారు సింహాసనం 'ఎక్కాడు' అంటే తప్పు కాదు గాని, పుస్తకంలో 'అధిరోహించాడు' అనే రాస్తారు. ఇంగ్లీషులోనూ రాజు సింహాసనానికి అసెండే వాడతారు. క్లైమ్ అంటే పిల్లవాడు కుర్చీ మీదికి పాకినట్టు ఉంటుంది.

కానీ తేడా మర్యాదలో ఒక్కటే లేదు. అసలు తేడా కాళ్ళూ చేతుల్లో ఉంది. క్లైమ్ అంటే ఒళ్ళు కష్టపడుతోందని అర్థం. మా నాన్న జీలుగు చెట్టుకి వెదురు బొంగు కట్టి, కణుపు మీద కాలు పెట్టి, మానుని చేత్తో కరుచుకుని పైకి పోతాడు. అది క్లైమ్. తేనె కోసం బండ ఎక్కేవాళ్ళదీ క్లైమే. అసెండ్‌కి ఈ గొడవ లేదు. పైకి పోయిందా లేదా, అంతే దానికి కావలసింది. పట్నంలో లిఫ్టు పైకి పోతుంది, వేడి గాలి నింపిన బెలూన్ పైకి పోతుంది. వాటికి కాళ్ళూ లేవు, చేతులూ లేవు. అక్కడ అసెండ్ చక్కగా సరిపోతుంది.

ఇంకో సంగతి. క్లైమ్ పైకే పోవాలని లేదు. 'క్లైమ్ డౌన్' అంటే పట్టుకుని పట్టుకుని దిగడం. 'క్లైమ్ త్రూ ద విండో' అంటే కిటికీలోంచి దూరడం. 'క్లైమ్ ఓవర్ ద వాల్' అంటే గోడ దూకడం (ఈ ఉదాహరణ వ్యాకరణం కోసమే రాశాను, వార్డెన్ సార్ వేరేగా అనుకోవద్దు). అసెండ్‌కి మాత్రం ఒకటే దారి, పైకి. కిందికైతే 'డిసెండ్' అని వేరే మాట ఉంది. అందుకే 'అసెండ్ అప్' అని రాయకూడదు. 'పైకి' అన్నది మాటలోనే ఉంది. లెక్కల్లో ఆరోహణ క్రమం, అవరోహణ క్రమం చదివాం కదా, అవి ఇంగ్లీషులో అసెండింగ్ ఆర్డర్, డిసెండింగ్ ఆర్డర్. అంకెలు చెమటోడ్చి ఎక్కవు కాబట్టి అక్కడ క్లైమింగ్ అని ఎవరూ అనరు.

అలాగని క్లైమ్ అన్నిసార్లూ కాళ్ళూ చేతులే అడగదు. ధరలు క్లైమ్ అవుతాయి. విమానం నడిపేవాళ్ళు పైకి పోవడానికి 'క్లైమ్' అనీ, కిందికి దిగడానికి 'డిసెండ్' అనీ అంటారు. క్లైమ్ మోటు మాటైతే అంత జాగ్రత్తగా మాట్లాడాల్సిన చోట దాన్నే ఎందుకు పెట్టుకుంటారు?

తెలుగు 'ఎక్కు' కనపడగానే ఈ రెండిట్లో ఒకటి పెట్టేయడం కూడా ప్రమాదమే. బస్సెక్కాను అంటే 'గాట్ ఆన్ ద బస్'. క్లైమూ కాదు, అసెండూ కాదు. జీపు లోపల కూర్చుంటే 'గాట్ ఇన్‌టు ద జీప్'. సంతరోజు చోటు లేక టాపు మీదికి పాకితే మాత్రం అది అచ్చమైన క్లైమ్! ఇక 'దీపం కొండెక్కింది' అన్నదాన్ని దీపం హిల్ క్లైమ్ చేసింది అని రాసేరు. ఆరిపోయిందని అర్థం.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఉదాహరణ. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం పిల్ల, మనలాగే గురుకులంలో చదువుకున్నది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఖమ్మం జిల్లా నుంచి గురుకులం విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా వెళ్ళాడు. ముందు భువనగిరి బండ మీద నేర్చుకున్నారు, తర్వాత టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ శిఖరం ఎత్తు 8848 మీటర్లని చదువుకున్నాం, 2020లో నేపాల్, చైనా కలిసి 8848.86 అని ప్రకటించాయి. ఇలాంటి వార్తలకి మన పత్రికలు 'అధిరోహించారు' అని రాస్తాయి. గౌరవం కోసం రాస్తారు, తప్పు లేదు. ఇంగ్లీషులో 'షి అసెండెడ్ ఎవరెస్ట్' కూడా తప్పు కాదు. కానీ నన్నడిగితే 'షి క్లైమ్డ్ ఎవరెస్ట్' అనే రాస్తాను. మంచులో దించిన కాలూ, తాడు పట్టుకున్న చెయ్యీ ఆ మాటలో కనపడతాయి. అసెండెడ్‌లో ఆమె శిఖరం మీదికి చేరింది గాని, ఎలా చేరిందో లేదు. నాన్న చెట్టు మీద చేసేదానికీ, పూర్ణ మంచుకొండ మీద చేసినదానికీ ఇంగ్లీషులో ఒకే మాట ఉండటం నాకైతే బాగుంది.

నామవాచకం కావాలంటే మాత్రం 'అసెంట్' గుర్తుంచుకోండి. హిల్లరీ, టెన్సింగ్ 1953 మే 29న చేసినదాన్ని కొండలెక్కేవాళ్ళ పుస్తకాల్లో 'ఫస్ట్ అసెంట్' అంటారు. అచ్చం ఇలాగే వినపడే మాట ఇంకొకటుంది, దాని అర్థం 'ఒప్పుకోలు'. అందులో రెండు 'ఎస్'లు ఉంటాయి, 'సి' ఉండదు.

ఈ కాగితం కింద చోటు వదిలాను. మూడు వాక్యాలు ఇస్తున్నా, పెన్సిల్‌తో ఇంగ్లీషులో రాయండి. పిల్లి కిటికీలోంచి వంటగదిలోకి దూరింది. బెలూన్ మెల్లగా పైకి పోయింది. మేము భద్రాచలంలో బస్సెక్కాం. శనివారం స్టడీ అవర్ తర్వాత నేనే వచ్చి దిద్దుతాను.